సెక్రటరీ అన్న తిరిగిన దారిలో

గురువారం

రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కాను. కర్నూలు, కడప, తిరుపతి మీదుగా చిత్తూరు దాకా పోయే బండి. శనివారం సాయంత్రం మా చిత్తూరు చర్చి సంఘంలో సెక్రటరీ అన్న జ్ఞాపకార్థ కూడిక ఉంది. అది అయ్యాక ఆయన తిరిగిన దారిలో కొంతయినా తిరిగి రావాలని సెలవు పెట్టుకుని బయల్దేరాను.

ఆయన మా సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శి. ఆ బాధ్యత వేరేవాళ్లకు అప్పగించాక కూడా జనం పిలుపు మార్చలేదు. ముసలివాళ్లకూ, సండే స్కూలు పిల్లలకూ సెక్రటరీ అన్నే. ఉద్యోగం ఆర్టీసీలో కండక్టరు. నాకంటే వయసులో చాలా పెద్దవాడు, అయినా అంత దగ్గరి స్నేహితుడు నాకు ఇంకొకరు లేరు. వారం వారం ఫోన్ చేసేవాడు. "ఏం నాయనా, తిన్నావా" అని మొదలుపెట్టి, ఎవరికి బాగాలేదో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి బిడ్డకు కాలేజీ ఫీజు కట్టాల్సి ఉందో అన్నీ చెప్పి, చివర్లో చిన్న ప్రార్థన చేసి పెట్టేసేవాడు. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం కూడా అలాగే మాట్లాడాడు. ఆ బుధవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "చిన్నాయనా, నాయన లేడు" అంది.

డెబ్బై దాటినా ఒక్క రోజు మంచం పట్టని మనిషి. ఎండలు మండిపోతున్నాయని ఆ సాయంత్రమే భూస్థాపన చేశారు. హైదరాబాదు నుంచి అందుకునే వీలు లేదు. ఎవరో వీడియో కాల్ పెడితే చూశాను. పెట్టె దించేటప్పుడు సిగ్నల్ పోయింది.

జబ్బు పడ్డవాళ్ల పక్కన రాత్రంతా కూర్చోవడం ఆయనకు అలవాటు. "మనిషి ఒంటిగా పోకూడదు నాయనా, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల" అనేవాడు. అలాంటి మనిషి, ఇంటివాళ్లెవరూ దగ్గర లేకుండా బస్టాండులో పడిపోయాడని విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అసలు ఈ ప్రయాణం అందుకే.

శుక్రవారం

మెలకువ వచ్చేసరికి రాజంపేట దాటింది. కోడూరు దగ్గర రెండు పక్కలా అరటి, మామిడి తోటలు. అవి దాటాక బాలపల్లె అడవి, శేషాచలం కొండలు. రేణిగుంటలో సగం బండి లేచి నిలబడింది.

నేను తిరుపతిలో దిగాను. అన్న కూతురు ఇక్కడే ఒక ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి నేరుగా స్టేషన్‌కు వచ్చింది. వేసవి సెలవుల రద్దీ ఇంకా తగ్గలేదు. స్టేషన్ నుంచి బస్టాండు దాకా గుండ్లూ, మూటలూ, పిల్లల ఏడుపులూ. ఆ జనంలో దారి చేసుకుంటూ ఆ అమ్మాయి, "నాయనకు ఈ రద్దీ అంటే ఎంత ఇష్టమో" అంది. ఆయన సర్వీసులో ఎక్కువ భాగం చిత్తూరు, తిరుపతి మధ్యే నడిచింది. ఎక్కినవాళ్లలో సగానికి సగం కొండకు పోయే యాత్రికులు. అందరినీ "సామీ" అనే పిలిచేవాడు. గోవింద నామం పలికే జనం మధ్య ఇన్నేళ్లు టికెట్లు కొట్టాను, నాకూ వాళ్లకూ ఒక్కరోజు మాట తేడా రాలేదని నాతో చాలాసార్లు చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో తృప్తి కనబడేది.

చిత్తూరు బస్సులో కిటికీ సీటు నాకిచ్చి తను నిద్రపోకుండా మాట్లాడుతూనే ఉంది. చంద్రగిరి దగ్గర కోట కొండ కనబడింది. పురటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచిపోయే వాళ్లతో ఈ రోడ్డంతా నిండిపోతుంది. తెల్లవారుజామున చీకట్లో రోడ్డు అంచునే నడుస్తుంటారు. ఆ నెలంతా అన్న డ్రైవర్ పక్కన నిలబడి "నిదానం, నిదానం" అంటూ వచ్చేవాడట. సీటు కింద నీళ్ల క్యాన్ ఒకటి పెట్టుకుని, బండి ఆగిన చోటల్లా వాళ్లకు పోసేవాడట. "ఇంట్లో మేం తాగే నీళ్లే చిన్నాయనా. పొద్దున నాలుగింటికి లేచి అమ్మ నింపేది" అంది.

ఆదివారం సెలవు కోసం ఆయన పడిన తంటాలు నాకూ తెలుసు. కండక్టర్‌కు ఆదివారం వీక్లీ ఆఫ్ దొరకడం చిన్న విషయం కాదు, ఆ రోజు అందరికీ కావాలి. అందుకని ఎవరూ ఇష్టపడని డ్యూటీలు ఈయన తీసుకునేవాడు. ముఖ్యంగా నైట్ హాల్ట్‌లు. సాయంత్రం చివరి ట్రిప్పు ఏదో ఒక మారుమూల పల్లెకు పోయి, బస్సు రాత్రికి అక్కడే ఆగి, పొద్దున మొదటి ట్రిప్పుగా తిరిగి వస్తుంది. డ్రైవరూ కండక్టరూ బస్సులోనో బడి వరండాలోనో పడుకోవాలి. దోమలు, చలి, తిండికి ఇబ్బంది. ఆయన ఆ రాత్రుల్ని కూడా వృథా చెయ్యలేదు. ఊళ్లో విశ్వాసుల ఇళ్లు రెండున్నా చాలు, అక్కడ కూర్చుని ప్రార్థన పెట్టేవాడు. ఒక్కిల్లు కూడా లేని ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు.

పూతలపట్టు దాటాక మామిడికాయల ట్రాక్టర్లు మొదలయ్యాయి. చిత్తూరుకు ఇది తోతాపురి కాలం. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. లోడు మీద గోనెపట్టాలు కప్పి, రైతులు ట్రాలీ కింద నీడలో పడుకుని ఉన్నారు. గాలంతా పండు వాసన.

వదిన నన్ను చూసి ఏడవలేదు. "రా నాయనా" అని లోపలికి తీసుకుపోయి, సంగటి, పప్పు పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది. తిన్నాక అప్పుడు ఏడ్చింది.

శనివారం

పొద్దున్నే సమాధుల తోటకు వెళ్లాను. కూడికలో పాడటానికి వచ్చిన క్వయర్ కుర్రాళ్లు ఇద్దరు తోడు వచ్చారు. అన్న సమాధి ఇంకా మట్టి దిబ్బే. మట్టి కుంగి సర్దుకున్న తర్వాతే కట్టాలని ఆయనే అందరికీ చెప్పేవాడు, ఆయన విషయంలోనూ అదే పాటిస్తున్నారు. తలవైపు కొయ్య సిలువ మీద పేరు, రెండు తేదీలు.

గుంట తవ్వింది ఈ కుర్రాళ్లేనట. పొడవు ఎంత, లోతు ఎంత, రాయి తగిలితే ఏం చెయ్యాలి, పెట్టె దించేటప్పుడు తాడు ఎవరి చేతిలో ఉండాలి, అన్నీ ఆయన నేర్పినవే. సంఘంలో ఎవరు పోయినా కబురు ముందు ఆయనకే చేరేది. పాస్టరు అయ్యగారికి చెప్పడం, పెట్టె తయారుచేయించడం, దూరంలో ఉన్న బిడ్డలకు ఫోన్లు, మనుషుల్ని పెట్టి గుంట తవ్వించడం, షామియానా, కుర్చీలు, ఇంటివాళ్లకు ఎవరింటి నుంచి అన్నం రావాలి, ఇవన్నీ ఒక్క గంటలో కుదిరిపోయేవి. ఇంట్లో డబ్బులు లేవని గ్రహిస్తే ఆ సంగతి నాలుగో మనిషికి తెలియనిచ్చేవాడు కాదు. కీర్తన ఎత్తుకునేదీ ఆయనే, అదీ కొంచెం ఎక్కువ శ్రుతిలో. రెండో చరణానికి మా గొంతులు చాలేవి కావు, ఆయన ఒక్కడే పైకి తీసుకుపోయేవాడు.

మా సంఘానికి చాలా వెనక చరిత్ర ఉంది. అమెరికా మిషనరీలు స్కడర్ సోదరులు 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్‌కు వేలూరు, ఆరణితో పాటు చిత్తూరు కూడా తొలి కేంద్రాల్లో ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ఉత్తరార్కాటు జిల్లాలోది. ఆ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిశాయి. అందుకే ఇక్కడి పాత కుటుంబాల్లో తమిళం, తెలుగు రెండూ నడుస్తాయి. అన్న ఇంట్లో అవ్వ తమిళం, నాయన తెలుగు. రెండు భాషల్లోనూ పాడేవాడు, రెండు భాషల్లోనూ ఓదార్చేవాడు. ఆ రెండో భాష ఎందరికి అక్కరకొచ్చిందో సాయంత్రం కూడికలో తెలిసింది. వేలూరు పెద్దాస్పత్రి మాకు గంట ప్రయాణం. పల్లె నుంచి వచ్చినవాళ్లకు అక్కడి కౌంటర్లు, చీట్లు, వార్డులు చూస్తే కాళ్లు ఆడవు. వాళ్ల వెంట పోయి, డాక్టరు చెప్పింది తెలుగులో విడమరిచి చెప్పి, మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చూపించి వచ్చేవాడు. రిటైరయ్యాక అదే ఆయనకు డ్యూటీ.

కూడికకు గుడి సరిపోలేదు. బయట కుర్చీలు వేశారు. అయ్యగారు క్లుప్తంగా మాట్లాడి, తెలిసినవాళ్లు లేచి చెప్పమన్నారు. ఎక్కువమంది ఆర్టీసీవాళ్లు. ఆయనతో ఏళ్ల తరబడి బండి నడిపిన డ్రైవర్ భాయ్ ముందు లేచాడు. పలమనేరు అవతల ఒక నైట్ హాల్ట్ ఊళ్లో అర్ధరాత్రి ఒకామెకు నొప్పులు వచ్చాయట. ఆ రోజుల్లో ఊళ్లో ఒక్క ఫోను లేదు, వేరే బండి లేదు. "అన్న నన్ను లేపి, తియ్ భాయ్ బండి అన్నాడు. పలమనేరు ఆస్పత్రి దాకా పోయినాం. ఎక్కిన నలుగురికీ టికెట్లు కొట్టి డబ్బులు తన జోబీలోంచి వేసినాడు. పొద్దున డిపోలో జరిగింది జరిగినట్టు రాసిచ్చినాడు. ఆ పాప పెళ్లికి మేమిద్దరం పోయినాం" అని చెప్పి ఇక మాట్లాడలేకపోయాడు.

తర్వాత ఒక కుర్ర కండక్టరు లేచాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"పొద్దున అయిదున్నరకు వేలూరు బండి పెట్టినాను. అన్న బల్ల మీద కూర్చోని ఉన్నాడు, చేతిలో క్యారియర్. చొక్కా అంతా చెమట. ఏమన్నా బాగాలేదా అంటే, రవంత నీళ్లియ్యి నాయనా అన్నాడు. తాగి గడియారం చూసినాడు. నీ బండి టైమయింది, నువ్వు పో అన్నాడు. నేను పోలేదు. కంట్రోలర్‌కు చెప్పి వేరే అతన్ని ఎక్కించినాను. ఆటోలో తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నా చెయ్యి పట్టుకోనే ఉన్నాడు. ఆస్పత్రి గేటు కాడికి పోయేసరికి పట్టు వదిలేసినాడు."

ఆ మాటలు విన్నప్పుడు నేను ఏ స్థితిలో ఉన్నానో చెప్పలేను. కూడిక అయ్యాక అతని దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను. ఏప్రిల్ నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్నకు ఆ అబ్బాయి దగ్గర జవాబు ఉంది. వదిన అతన్ని రాత్రి భోజనానికి ఉంచేసింది. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అరగంటలో జరిగింది మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది.

ఆదివారం

ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. చిల్లర లెక్కలో అన్నకు సాటి లేరు, చూస్తుండగానే నాణేలు దొంతరలుగా లేచేవి. ఎంత చిన్న మొత్తమైనా ఇద్దరు సంతకాలు పెట్టనిదే పుస్తకం మూయనిచ్చేవాడు కాదు. ఇవాళ లెక్క ఆలస్యమైంది, సంతకాలు మాత్రం రెండూ పడ్డాయి.

మధ్యాహ్నం పలమనేరు పల్లెవెలుగు ఎక్కాను. "నేనూ వస్తా" అని డ్రైవర్ భాయ్ కూడా ఎక్కాడు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు గాలి మారింది. చిత్తూరు ఉక్కపోత కిందే ఉండిపోయింది. భాయ్ ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒకటి చెబుతున్నాడు, ఇక్కడ టైరు పేలింది, ఇక్కడ వానలో రెండు గంటలు ఆగినాం అని. ఘాటు పైన ఒక స్టేజీలో దిగాం. రోడ్డు పక్కన ఇంట్లో చూపు పోయిన అవ్వ ఒకామె ఉంది. మా అడుగుల చప్పుడు విని "సెక్రటరీనా" అంది. చెప్పారట ఆమెకు, అయినా అడుగుతోంది. భాయ్ ఆమె పక్కన కూర్చుని, మేము ఎవరమో, ఎందుకు వచ్చామో ఓపిగ్గా చెప్పాడు. తర్వాతి బస్సులో ఇంకో స్టేజీ. అక్కడ కొడుకు ప్రమాదంలో పోయిన దంపతులు. ఆ తర్వాత పలమనేరులో, నాయన తాగుడు మానేశాక కుదురుకుంటున్న ఒక కుటుంబం. అందరి దగ్గరా ఒకే మాట విన్నాను, "నెలకొకసారి వచ్చేవాడు" అని.

సాయంత్రానికి అడవి అంచున ఉన్న ఒక పల్లె చేరాం. అన్న క్యారియర్ పట్టుకుని బయల్దేరింది ఈ ఊరి రైతు కోసమే. కాలికి ఆపరేషన్ అయి అప్పట్లో వేలూరులో ఉన్నాడు, ఇప్పుడు చంకకర్రతో నడుస్తున్నాడు. ఇంటి ముందు టమోటా గంపలు, వెనక మల్బరీ తోట.

"ఆ పొద్దు జావ తెస్తానన్నాడు. పది దాకా చూసినాం. మాట తప్పే మనిషి కాదే అనుకుంటా ఉన్నాం" అంది ఆయన భార్య. రైతు చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత, "నా కోసం వస్తా పోయినాడు సామీ" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. భాయ్ చెప్పాడు. "నీ కోసం కాకపోతే ఇంకొకరి కోసం ఆ పొద్దున అదే బస్టాండులో ఉండేవాడు. ఇంట్లో కూర్చోనే మనిషా ఆయన? నువ్వు కాలు మీద నిలబడినావు గదా, అది చూసుంటే ఎంత సంతోషపడేవాడో."

పొద్దు గూకక ముందే ప్రార్థన పెట్టుకున్నాం. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు పొలాల మీదికి వస్తున్నాయని చీకటి పడితే ఎవరూ బయట తిరగడం లేదు. గుడి లేదు, ఒకరి ఇంటి వాకిలే. 23వ కీర్తన చదివి, పాట నన్నే ఎత్తుకోమన్నారు. నాకు అలవాటైన శ్రుతిలో కాకుండా అన్న శ్రుతిలో ఎత్తుకున్నాను. రెండో చరణంలో నా గొంతు ఆగిపోయింది. ఆడవాళ్లు అందుకుని పూర్తి చేశారు.

సోమవారం

పొద్దున మొదటి బస్సుకు పలమనేరు వచ్చి, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరాం. అక్కడి నుంచి ఆటోలో ఆరోగ్యవరం.

ఇక్కడికి నేను తప్పకుండా రావాలనుకున్నాను. వేర్వేరు మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం పెట్టిన సానటోరియం ఇది. 1915లో ఈ స్థలంలో మొదలైంది, మొదట నడిపింది డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్. మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండి, వీటి మీదే ఆధారపడి వైద్యం చేశారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిందీ మదనపల్లెలోనే. ఇప్పుడు అన్ని జబ్బులకూ చూసే ఆస్పత్రి. పెద్ద చెట్లు, గాలి ధారాళంగా ఆడేలా కట్టిన పాత వార్డులు, మధ్యలో నడిచే దారులు.

అన్నకు ఏడెనిమిదేళ్ల వయసులో వాళ్లమ్మకు టీబీ వచ్చి ఇక్కడ చాలా నెలలు ఉంది. నెలకోసారి వాళ్ల నాయన బస్సులో తీసుకొచ్చేవాడట. పిల్లవాడిని వార్డు దగ్గరికి రానిచ్చేవారు కాదు. దూరంగా చెట్టు కింద నిలబడితే ఆమె వరండాలోకి వచ్చి చెయ్యి ఊపేది. "పక్కన కూర్చోవాలని ఎంత అనిపించేదో నాయనా" అని ఒకసారి రాత్రి నాతో చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారే ఎత్తాడు. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసులో 1956లో మొదలైన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడినా క్షయ అంతే బాగా నయమవుతుందనీ, ఇంటివాళ్లకు ప్రమాదం పెరగదనీ 1959 కల్లా తేలింది. ఆ తర్వాత తల్లుల్ని పిల్లలకు అన్ని నెలలు దూరం చేసే అవసరం తగ్గిపోయింది. వాళ్లమ్మ నయమై ఇంటికి వచ్చి ఎనభై ఏళ్ల వయసు దాకా బతికింది. ఆమె మంచం పక్కన చివరి రాత్రి ఆయన కూర్చున్నాడు. ఆ రాత్రి నేనూ ఉన్నాను.

ఏ చెట్టు కింద నిలబడేవాడో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పాత వార్డు వరండాకు ఎదురుగా భాయ్, నేను కాసేపు నిలబడి వచ్చేశాం.

రాత్రి మదనపల్లె బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం చూస్తుంటే వదిన ఫోన్ చేసింది. అయ్యగారూ కమిటీవాళ్లూ ఇంటికి వచ్చి ఉన్నారట. అన్న ఎవరెవరి ఇళ్లకు పోయేవాడో రాసుకుని వంతులు వేసుకుంటామన్నారట. ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు, అన్నీ స్టేజీల లెక్కన మనసులోనే ఉండేవి. వదినకు గుర్తున్నవి చెబుతుంటే కూతురు రాస్తోంది.

"గుడిపాల దోవ అయిపోయింది నాయనా, బంగారుపాళెం దాకా వచ్చినాం. మొగిలి అవతల నాకు సరిగా తెలీదు. నువ్వు చూసొచ్చినావు గదా, చెప్పు" అంది.

స్పీకర్ పెట్టమని చెప్పి, ఘాటు ఎక్కగానే వచ్చే స్టేజీలో చూపు పోయిన అవ్వ దగ్గర మొదలుపెట్టాను. ఇంటి గుర్తులు, ఇంట్లో ఎవరుంటారు, ఏ వేళకు పోతే మంచిది, నాకు తెలిసిందంతా చెబుతున్నాను. నేను మరిచిపోయినవి పక్క నుంచి భాయ్ అందిస్తున్నాడు. మేము దిగని స్టేజీల్లో కూడా ఇళ్లున్నాయట, అవీ చెప్పి రాయించాడు. హైదరాబాదు బస్సు వచ్చి ఆగింది. భాయ్ నా సంచి తీసుకుపోయి సీట్లో పెట్టి, బండి రవంత ఆపమని డ్రైవర్‌తో చెప్పి వచ్చాడు. మేము ఇంకా పలమనేరు స్టేజీలోనే ఉన్నాం.